నికెల్ ఎక్కడికి పోయింది?

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు ప్లేటింగ్ షాపుల్లో ఈటీపీ (వ్యర్థజల శుద్ధి ప్లాంటు) చూసుకునే ఉద్యోగానికి వచ్చేవాళ్లలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, బీటెక్ కెమికల్ చదివిన కుర్రాళ్లు బాగానే ఉంటారు. వాళ్లలో చాలామంది కాలేజీలో ఒకే రకం ప్రాజెక్టు చేసి ఉంటారు. ఏదో ఒక పదార్థంతో నీళ్లలోంచి సీసమో, రాగో, క్రోమియమో తీయడం. ఒకరిది వేరుశనగ పొట్టు బొగ్గు, ఒకరిది రొయ్య పెంకుల కైటోసాన్, ఇంకొకరిది గ్రాఫీన్ ఆక్సైడ్. రిపోర్టు చివర 98 శాతం తొలగింపు అని ఉంటుంది. చేరిన మొదటి వారంలో ఓనరు అడిగేవి మాత్రం వేరే ప్రశ్నలు. ఎన్ని కిలోలు కొనాలి, ఎన్నాళ్లు వస్తుంది, అయిపోయాక ఎక్కడ పడేయాలి? ఈ మూడింటికీ ఆ రిపోర్టులో జవాబు దొరకదు.

ఈ వ్యాసం ఆ కుర్రాళ్ల కోసం. ఏళ్ల తరబడి సున్నం కలుపుతూ, ఫిల్టర్ ప్రెస్ విప్పుతూ ఈటీపీ నడుపుతున్న ఆపరేటర్ల కోసం కూడా. ఈమధ్య వాళ్ల గేటు దగ్గరికి 'నానో మీడియా' అంటూ బ్రోచర్లు పట్టుకుని సేల్స్ వాళ్లు బాగా వస్తున్నారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. లోహాల్ని పట్టి ఉంచే ఈ మీడియా మంచి సరుకే, కానీ దాని చోటు వరసలో చివరన. ముందున్న పని సరిగ్గా చేయకుండా దాన్ని కొంటే, డబ్బు లోహం కంటే ముందే కరిగిపోతుంది.

ముందు అంకెలు

1986 నాటి పర్యావరణ పరిరక్షణ నిబంధనల ప్రకారం వాగులు, చెరువుల్లాంటి లోతట్టు జలాల్లోకి వదిలే నీటిలో లీటరుకు నికెల్ 3 మిల్లీగ్రాములు, రాగి 3, జింకు 5, మొత్తం క్రోమియం 2, హెక్సావలెంట్ క్రోమియం 0.1, సీసం 0.1, సైనైడ్ 0.2 మించకూడదు. అయితే మీ గోడకు అంటించుకోవాల్సింది ఈ పట్టీని కాదు. పొల్యూషన్ బోర్డు మీ యూనిట్‌కిచ్చిన కన్సెంట్ కాగితంలో ఏ అంకె ఉంటే అదే మీకు లెక్క. అది ఇంతకంటే గట్టిగా ఉండొచ్చు, అసలు బయటికి చుక్క వదలొద్దని కూడా ఉండొచ్చు. నీళ్లు ట్యాంకరులో ఉమ్మడి శుద్ధి ప్లాంటుకి పంపేవాళ్లయితే ఆ ప్లాంటు లోపలికి తీసుకునే షరతులు వేరే ఉంటాయి. ఉద్యోగంలో చేరిన రోజే కన్సెంట్ కాపీ అడిగి చదవండి. ఓనరు బీరువాలో వెతుక్కోవాల్సి వచ్చిందంటే అక్కడ పరిస్థితి ఏమిటో సగం అర్థమైనట్టే.

సున్నంతో పోయేదాన్ని సున్నంతోనే పోనివ్వండి

ప్లేటింగ్ నీళ్లలో లోహాన్ని తీయడానికి అన్నిటికంటే చవకైన దారి ఇప్పటికీ పీహెచ్ పెంచి హైడ్రాక్సైడ్‌గా దింపేయడమే. చిక్కల్లా ఒక్కో లోహం ఒక్కో పీహెచ్ దగ్గర బాగా దిగడంలో ఉంది. మూడు వేలెన్సీ క్రోమియంకి 8, 8.5 సరిపోతుంది. రాగికి 9 దగ్గర, జింకుకి 9 నుంచి 9.5. నికెల్‌కి 10 దాటాలి. నికెల్ కోసం పీహెచ్ బాగా పైకి తీసుకుపోతే క్రోమియం, జింకు మళ్లీ కరగడం మొదలుపెడతాయి. అందుకని అన్ని రిన్స్ నీళ్లూ ఒకే గుంతలో కలిపే షాపులో ఆపరేటరు 9 దగ్గర రాజీపడతాడు. క్రోమియం దిగుతుంది, నికెల్ కొంత మిగిలిపోతుంది. ఆ మిగిలిన దాని పేరు చెప్పి మీడియా అమ్మడానికి వస్తారు.

దానికి ముందు చేయాల్సింది నీళ్లని విడదీయడం. క్రోమ్ లైను వేరు, సైనైడ్ లైను వేరు, నికెల్ వేరు, యాసిడ్-ఆల్కలీ వేరు. నాలుగు పైపులు, నాలుగు చిన్న సంపులు. హెక్సావలెంట్ క్రోమియం ఎంత సున్నం పోసినా దిగదు. దాన్ని ముందు పీహెచ్ 2.5 దగ్గర సోడియం మెటాబైసల్ఫైట్‌తో మూడు వేలెన్సీకి తేవాలి. గ్రాము క్రోమియంకి లెక్క ప్రకారం 2.75 గ్రాములు, ఆచరణలో మూడు పైచిలుకు పడుతుంది. ఓఆర్పీ మీటరు 250, 300 మిల్లీవోల్టుల మధ్యకి వచ్చి, నీటి పసుపు పోయి ఆకుపచ్చ తిరిగితే పని అయినట్టు. చవక అని ఫెర్రస్ సల్ఫేట్ వాడేవాళ్లున్నారు. అది గ్రాముకి 16 గ్రాములు పడుతుంది. ఆ ఇనుమంతా స్లడ్జ్‌గా మీ నెత్తినే పడుతుంది, దాన్ని తీసుకెళ్లడానికి బిల్లు కిలోల లెక్కన వస్తుంది.

ఇంకో చవక పని రిన్స్ ట్యాంకుల దగ్గర ఉంది. వస్తువుతోపాటు అంటుకుని వచ్చిన ఒక లీటరు ద్రావణాన్ని వెయ్యి రెట్లు పలచన చేయాలంటే ఒకే రిన్స్ ట్యాంకులో వెయ్యి లీటర్ల నీళ్లు పారాలి. అదే రెండు ట్యాంకులు పెట్టి నీళ్లని వస్తువుకి ఎదురు దిశలో పారిస్తే దాదాపు 32 లీటర్లతో అయిపోతుంది. వెయ్యికి వర్గమూలం అంతే. బ్యారెల్‌ని గానీ జిగ్‌ని గానీ బాత్ పైన ఇంకో పది పదిహేను సెకన్లు వేలాడదీస్తే చుక్కలు తిరిగి బాత్‌లోనే పడతాయి. ఈ రెండూ చేయకుండా రెజిన్ కాలమ్ (లోహాన్ని పట్టే గుళికలు నింపిన గొట్టం) కొన్న షాపు దగ్గర నేను ఎప్పుడూ ముందు అడిగేది రిన్స్ లైను చూపించమనే.

ఇవన్నీ చేశాక కూడా నికెల్ దిగకపోతే అనుమానించాల్సింది బాత్‌నే. ఎలక్ట్రోలెస్ నికెల్‌లో సిట్రేట్, లాక్టేట్ ఉంటాయి. జింక్-నికెల్ అల్లాయ్ బాత్‌లో ఎమీన్లు ఉంటాయి. అవి లోహాన్ని గట్టిగా పట్టుకుని దిగనివ్వవు. కనుక్కోవడం తేలికే. బీకరులో పీహెచ్ 10.5కి తెచ్చి, అరగంట ఆగి, సన్నని ఫిల్టరుతో వడకట్టి నికెల్ చూడండి. ఇంకా పదుల్లో ఉంటే కాంప్లెక్స్ ఉన్నట్టే. అలాంటి నీటికి డీటీసీ (డైథయోకార్బమేట్) లాంటి ప్రత్యేక ప్రెసిపిటెంట్లు వాడతారు. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఈడీటీఏ పట్టుకున్న నికెల్‌ని మామూలు కీలేటింగ్ రెజిన్ కూడా విడిపించలేదు. నీళ్లు కాలమ్‌లోంచి పోతాయి, వాటితోపాటు నికెలూ పోతుంది. సేల్స్ మనిషి 'రెజిన్ నాణ్యత' అని, మీరు 'ఫ్లో ఎక్కువైంది' అని నెలరోజులు వాదించుకుంటారు.

యాభై లీటర్ల రెజిన్ ఎన్నాళ్లు

లెక్క ఒకటి వేద్దాం. గంటకి 500 లీటర్లు, రోజుకి పది గంటలు, అంటే రోజుకి 5,000 లీటర్ల నికెల్ రిన్స్ వస్తోందనుకోండి. అందులో నికెల్ లీటరుకు 100 మిల్లీగ్రాములు. అంటే రోజుకి 500 గ్రాములు. ఇమినోడైఎసిటేట్ గ్రూపున్న కీలేటింగ్ రెజిన్ 50 లీటర్లు పెట్టారు. కాగితం మీద ఈ రకం రెజిన్ లీటరుకు 35, 40 గ్రాముల నికెల్ పడుతుంది. వాడుకలో అందులో సగం కూడా నమ్మకూడదు. 15 గ్రాములనుకుందాం. 50 లీటర్లకి 750 గ్రాములు. పచ్చి రిన్స్ నీళ్లు సూటిగా పంపితే ఒకటిన్నర రోజుకి నిండిపోతుంది. నెలకి పాతిక పనిరోజుల లెక్కన పదహారు, పదిహేడుసార్లు యాసిడ్‌తో కడగాలి. ఏ షాపూ ఆ పని చేయదు. రెండోసారికే కాలమ్‌ని బైపాస్ చేస్తారు.

అదే నీళ్లని ముందు పీహెచ్ పెంచి, దింపి, వడకట్టి 5 మిల్లీగ్రాములకి తెచ్చి పంపితే రోజుకి 25 గ్రాములే. 750 గ్రాములు నిండడానికి 30 రోజులు. నెలకోసారి కడగడం ఎవరైనా చేస్తారు. మీడియా అదే, ధర అదే. పని చేసే చోటు మారింది, అంతే. ఈ లెక్కని మీ అంకెలతో ఒక కాగితం మీద వేసి ఓనరు ముందు పెట్టండి. ఇంటర్వ్యూలో అడిగినా ఇదే వేసి చూపండి. ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫుల కంటే దీనికే విలువెక్కువ.

బ్రోచరులోని మిల్లీగ్రాములు

గ్రాము మీడియా 200 మిల్లీగ్రాముల నికెల్ పడుతుందని బ్రోచరులో రాసి ఉంటుంది. అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ అంకె ఎక్కడిదో అడగాలి. ఎక్కువసార్లు అది లీటరుకు వందల మిల్లీగ్రాముల నికెల్ ఉన్న డిస్టిల్డ్ వాటర్‌లో, వేరే లోహమేదీ లేకుండా, పీహెచ్ 6 దగ్గర వచ్చిన గరిష్ఠం. మీ నీటిలో 5 మిల్లీగ్రాములే ఉంది. చదువులో వేసిన లాంగ్‌మ్యూర్ సమీకరణాన్ని ఇక్కడ వాడండి. గరిష్ఠం 200, స్థిరాంకం మిల్లీగ్రాముకి 0.05 లీటరు అనుకుంటే, 300 మిల్లీగ్రాముల నీటిలో ఆ మీడియా 187 పడుతుంది. 5 మిల్లీగ్రాముల నీటిలో 40 మాత్రమే. ఐదోవంతు. గరిష్ఠం 120 ఉండి, పట్టు గట్టిగా, అంటే స్థిరాంకం 0.5 ఉన్న ఇంకో మీడియా అదే 5 మిల్లీగ్రాముల దగ్గర 86 పడుతుంది. చిన్న అంకె ఉన్న సరుకే మీకు పెద్ద సరుకు. కాబట్టి గరిష్ఠాన్ని కాదు, మీ నీటి గాఢత దగ్గర ఎంత పడుతుందో అడగండి. చెప్పలేకపోతే మొత్తం గ్రాఫు ఇవ్వమనండి.

ఇంకో రెండు మోసాలున్నాయి. మోసమని ఎవరూ చేసేవి కాకపోయినా ఫలితం అదే. రాగి, సీసం లాంటివాటిని పీహెచ్ 8 దగ్గర పరీక్షించి 99 శాతం పోయిందంటారు. ఆ పీహెచ్‌లో మీడియా లేకపోయినా అవి హైడ్రాక్సైడ్‌గా దిగేవే. మీడియా వేయని బీకరు ఒకటి పక్కన పెట్టి, అదే పీహెచ్‌లో, అంతసేపే కలిపి చూశారా అని అడగండి. ప్రాజెక్టు చేసిన పిల్లలూ, ఇది మీక్కూడా. రెండోది హెక్సావలెంట్ క్రోమియం. ఆమ్లపు నీటిలో బొగ్గు రకం మీడియా దీన్ని పట్టుకోవడమే కాదు, కొంత భాగాన్ని మూడు వేలెన్సీకి మార్చి మళ్లీ నీటిలోకి వదిలేస్తుంది. డైఫినైల్ కార్బజైడ్ వేస్తే ఊదా రంగు రాదు, పరీక్ష పాస్. మొత్తం క్రోమియం చూస్తే అక్కడే ఉంటుంది. కన్సెంట్‌లో రెండు అంకెలూ ఉంటాయి కాబట్టి రెండూ కొలిపించాలి.

వీటన్నిటి పైన మీ నీటిలో కాల్షియం ఉంది, సోడియం ఉంది, బ్రైటెనర్ల ఆర్గానిక్స్ ఉన్నాయి. కాల్షియం అయితే చాలాసార్లు మీరే పోసింది, సున్నం రూపంలో. రెజిన్‌కి ముందు పీహెచ్ పెంచడానికి సున్నం బదులు కాస్టిక్ వాడితే ఆ పోటీ చాలావరకు తప్పుతుంది. కాస్టిక్ ఖరీదెక్కువే, స్లడ్జ్ మాత్రం తగ్గుతుంది. రెండూ కలిపి చూసుకుని నిర్ణయించుకోవాలి.

ఏ లోహానికి ఏది

నికెల్, రాగి, జింకులకి ఇమినోడైఎసిటేట్ రెజిన్లు దశాబ్దాలుగా నలిగిన సరుకు. రాగిని ముందు, తర్వాత నికెల్‌ని, ఆపై జింకుని, కాల్షియంని చివర పట్టుకుంటాయి. నీటిలో రాగి, జింకు రెండూ ఉంటే, కొన్నాళ్లు పోయాక వచ్చిన రాగి అంతకు ముందు పట్టిన జింకుని తోసేస్తుంది. బయటికొచ్చే నీటిలో జింకు లోపలికెళ్లిన దానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ల్యాబ్ తప్పు చేసిందని తిట్టకండి. పాదరసానికి గంధకం ఉన్న థయాల్ రకాలు కావాలి. ఆర్సెనిక్‌కి ఇనుప ఆక్సైడ్ రకాలు.

ఆర్సెనిక్ విషయంలో మన దేశంలో గట్టి పని జరిగింది. ఐఐటీ మద్రాస్‌లో ప్రొఫెసర్ టి. ప్రదీప్ బృందం ఇనుప ఆక్సీహైడ్రాక్సైడ్ నానో కణాల్ని కైటోసాన్‌లో ఇమిడ్చి 'అమృత్' అనే తాగునీటి ఫిల్టరు మీడియా తయారుచేసింది. ఆయనకి 2020లో పద్మశ్రీ వచ్చింది. అమెరికాలో లీహై విశ్వవిద్యాలయపు అరూప్ సేన్‌గుప్తా రెజిన్ గుళికల లోపలే ఐరన్ ఆక్సైడ్ నానో కణాల్ని పెంచి, ఆ పద్ధతిని పశ్చిమ బెంగాల్ గ్రామాల బావుల దగ్గరికి తెచ్చారు. ఈ రెండింటిలో ఈటీపీ మనిషి గమనించాల్సింది నానో అన్న మాట కాదు. ఇద్దరూ నానో కణాన్ని విడిగా నీటిలో వేయలేదు, గుళికలో బంధించారు. పొడి పొడిగా ఉన్న మీడియా బీకరులో అద్భుతంగా పనిచేస్తుంది. కాలమ్‌లో పోస్తే నీళ్లు దిగవు, ట్యాంకులో కలిపితే వడకట్టలేం. వడకట్టలేకపోతే అది పట్టుకున్న లోహంతో సహా మీ అవుట్‌లెట్‌లోంచే బయటికి పోతుంది.

మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్స్ అనే జల్లెడ లాంటి స్ఫటికాలకి 2025 రసాయన నోబెల్ వచ్చింది. సుసుము కితగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘీ పంచుకున్నారు. ఇకపై బ్రోచర్లలో ఈ పేరు తప్పక కనిపిస్తుంది. వాటిలో కొన్ని నీటికే విచ్చిపోతాయి. జిర్కోనియంతో కట్టినవి మాత్రం గట్టివి. అడగాల్సింది ఒకటే: మా పీహెచ్‌లో, యాసిడ్‌తో పదిసార్లు కడిగాక ఎంత మిగులుతుంది? ఇదే ప్రశ్న రొయ్య పెంకుల కైటోసాన్‌కీ వర్తిస్తుంది. దాన్ని క్రాస్‌లింక్ చేయకపోతే పలుచని ఆమ్లంలోనే కరిగిపోతుంది. కోస్తాలో పెంకులు దండిగా దొరుకుతాయి కాబట్టి మంచి ముడిసరుకే, ఆ ఒక్క పని ఎవరైనా సరిగ్గా చేస్తే.

మీ నీటితో పరీక్ష

ముందు జార్ టెస్టు. మీ ఈటీపీలో క్లారిఫయరు, ఫిల్టరు దాటిన నీళ్లే తీసుకోండి, తయారుచేసినవి వద్దు. లీటరు చొప్పున ఆరు జార్లు. ఒకదాంట్లో మీడియా వేయకండి. మిగతా వాటిలో 0.2, 0.5, 1, 2, 5 గ్రాములు. పీహెచ్ అన్నిట్లో ఒకేలా ఉంచి 24 గంటలు కలపండి. 0.45 మైక్రాన్ ఫిల్టరుతో వడకట్టి, ప్లాస్టిక్ సీసాలో నైట్రిక్ యాసిడ్‌తో పీహెచ్ 2 లోపలికి తెచ్చి ల్యాబ్‌కి పంపండి. హెక్సావలెంట్ క్రోమియం శాంపిల్‌కి మాత్రం యాసిడ్ వేయొద్దు. వేస్తే అది సీసాలోనే మారిపోతుంది. చల్లగా ఉంచి ఆ రోజే చేయించండి. సైనైడ్ శాంపిల్‌కి కాస్టిక్ వేసి పీహెచ్ 12 చేయాలి, యాసిడ్ మాట తలపెట్టకూడదు. ఒక్కరోజు నీళ్లతో సరిపెట్టకండి. బాత్ డంప్ చేసిన రోజు నీళ్లు, ఆదివారం సెలవు తర్వాతి నీళ్లు వేరుగా ఉంటాయి.

జార్ టెస్టు దాటిన మీడియాకే కాలమ్ టెస్టు. 25 మిల్లీమీటర్ల గొట్టంలో 40 సెంటీమీటర్ల ఎత్తున పోస్తే దాదాపు 200 మిల్లీలీటర్లు అవుతుంది. పై లెక్కలో పెద్ద కాలమ్‌కి గంటకి పది రెట్ల నీళ్లు వెళ్తున్నాయి కాబట్టి దీనికీ గంటకి 2 లీటర్లు. రాత్రీ పగలూ నడిపితే 3,000 రెట్ల నీళ్లు పోవడానికి పన్నెండు పదమూడు రోజులు, 600 లీటర్ల నీళ్లు. ఓనరుకి మొదటే చెప్పండి, రెండు వారాలు పడుతుందని. రోజుకి రెండుసార్లు శాంపిల్ తీసి, బయటికొచ్చే నీటిలో నికెల్ ఎప్పుడు పెరగడం మొదలైందో గ్రాఫు గీయండి. ల్యాబ్ బిల్లు తగ్గించడానికి మధ్యలో డైమిథైల్ గ్లయాక్సిమ్‌తో చూసుకోవచ్చు. అమోనియా వేసిన నీటిలో ఎర్ర గులాబీ రంగు కనిపించిన రోజున అసలు శాంపిల్ పంపండి.

నడిపేటప్పుడు

రెండు కాలమ్‌లు వరసగా పెట్టండి, మధ్యలో శాంపిల్ టాప్ ఉండాలి. మొదటి దాంట్లోంచి లోహం రావడం మొదలైతే రెండోది కాపాడుతుంది. మొదటిదాన్ని కడిగి, వరస మార్చి, రెండోదాన్ని ముందుకి తెస్తారు. ఒకే కాలమ్ పెడితే లోహం దాటిపోయిందని మీకు తెలిసేసరికి అది బయటికి వెళ్లిపోయి ఉంటుంది. కాలమ్ ముందు శాండ్ ఫిల్టరు, నూనె ఉంటే కార్బన్ తప్పనిసరి. క్లారిఫయరులో పాలిమర్ ఎక్కువ వేసే అలవాటున్న షాపుల్లో ఆ జిగురు వచ్చి గుళికల్ని ముద్ద చేస్తుంది. మీడియా పాడైందని ఫిర్యాదు వచ్చినచోట ముందు డోసింగ్ పంపు స్ట్రోకు చూడండి. సైనైడ్ నాశనం చేయడానికి వేసిన హైపో మిగిలి వస్తే రెజిన్ నెమ్మదిగా విరుగుతుంది.

ఇమినోడైఎసిటేట్ రెజిన్ యాసిడ్ రూపం నుంచి సోడియం రూపానికి మారేటప్పుడు మూడోవంతు దాకా ఉబ్బుతుంది. కాలమ్ నిండా పోసి మూత బిగిస్తే గాజు గొట్టమైతే పగులుతుంది, ఎఫ్ఆర్పీ అయితే లోపల స్ట్రైనర్లు విరుగుతాయి. పైన సగం ఖాళీ వదలండి, బ్యాక్‌వాష్‌కీ అదే కావాలి. కడగడానికి సల్ఫ్యూరిక్ యాసిడ్ వాడితే చిక్కని నికెల్ సల్ఫేట్ వస్తుంది. నికెల్ లైను నీళ్లు మొదటినుంచీ విడిగా ఉంచి ఉంటే, మలినాలు చూసుకుని, అది బాత్‌కి తిరిగి పోగలదు. కలిపేసి ఉంటే మళ్లీ ప్రెసిపిటేషన్ ట్యాంకులోకే, కొద్దికొద్దిగా. పైపులు విడదీయమని ముందు అంతగా చెప్పింది ఇందుకే.

రిజిస్టరు

లోహాన్ని ఏ మీడియా మాయం చేయదు. నీటిలోంచి ఘనపదార్థంలోకి మారుస్తుంది. అందుకని ఈటీపీ కెమిస్టు దగ్గర ఉండాల్సిన అన్నిటికంటే విలువైన కాగితం లోహపు జమాఖర్చు. నెలకి నికెల్ యానోడ్లు, సాల్టులు కలిపి 60 కిలోల నికెల్ కొన్నారు. 10 మైక్రాన్ల మందాన ఒక చదరపు మీటరుకి 89 గ్రాములు. నెలలో 540 చదరపు మీటర్లు చేశారంటే 48 కిలోలు సరుకు మీద వెళ్లింది. బాత్ స్థాయి మారకపోతే మిగతా 12 కిలోలు ఈటీపీకి రావాలి. ప్రెస్ కేక్ 400 కిలోలు, అందులో నికెల్ 2 శాతమని ల్యాబ్ చెబితే 8 కిలోలు. రెజిన్ పట్టింది అర కిలో పైచిలుకు. బయటికెళ్లిన 1,25,000 లీటర్లలో అర మిల్లీగ్రాము చొప్పున అరవై గ్రాములు. మూడు కిలోల పైన లెక్కలో లేదు. ఎక్కడుంది? ప్లేటింగ్ నేల మీద చిందిన నీళ్లు వర్షపు కాలువలోకి పోతున్నాయా, స్క్రాప్ జిగ్‌ల మీద పేరుకుందా, మందం పది కాకుండా పదకొండు పడుతోందా? మొదటిదైతే బోర్డు వాళ్లు పట్టుకునేలోపు మీరు పట్టుకున్నారు. చివరిదైతే ఓనరుకి డబ్బు మిగిల్చారు. పలచన చేసి వదిలేద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఈ రిజిస్టరే అడ్డం చెబుతుంది. పలచన వల్ల మిల్లీగ్రాములు తగ్గుతాయి, కిలోలు తగ్గవు. ఆ సలహా మీకు నోటిమాటగానే వస్తుంది. మీ జవాబు మాత్రం రాతలో ఉండనివ్వండి.

కేకుకీ, అయిపోయిన రెజిన్‌కీ చట్టంలో చోటుంది. 2016 నాటి హానికర వ్యర్థాల నిబంధనల మొదటి షెడ్యూలులో విషలోహాలున్న వాడేసిన అయాన్ ఎక్స్ఛేంజ్ రెజిన్ 35.2 కింద, శుద్ధిలో వచ్చే రసాయన స్లడ్జ్ 35.3 కింద వస్తాయి. 90 రోజులకి మించి మామూలుగా నిల్వ ఉంచకూడదు. మానిఫెస్ట్ రాసి అధీకృత ల్యాండ్‌ఫిల్‌కి పంపాలి. తెలంగాణలో దుండిగల్, ఆంధ్రలో విశాఖ దగ్గర పరవాడ. లేదా లోహం తిరిగి తీసే అనుమతి ఉన్నవాళ్లకి ఇవ్వాలి. బొగ్గు రకం మీడియా కదా అని బాయిలర్లో వేస్తే అందులోని లోహం బూడిదలో, పొగలో చేరుతుంది.

ఒంటి సంగతి క్లుప్తంగా. సైనైడ్ నీళ్లలో యాసిడ్ పడితే వచ్చే గ్యాసుకి రెండో అవకాశం ఉండదు. అందుకే ఆ రెండు సంపుల మధ్య పైపు కలిపే వీలే లేకుండా కట్టించండి, వాల్వు మీద భరోసా వద్దు. డీటీసీ, సల్ఫైడ్ రసాయనాలూ యాసిడ్‌కి దూరంగానే ఉండాలి. క్రోమ్ నీళ్లు తగిలిన చిన్న గాయం మానకుండా లోతుగా దిగుతుంది. గ్లవ్స్ చిరిగితే ఆ పూటే మార్చాలి. స్లడ్జ్ ట్యాంకులోకి మనిషిని దించమంటే, గాలి పరీక్ష, పైన తాడు పట్టుకునే మనిషి లేకుండా ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

సేల్స్ మనిషి ముందు

ఇన్ని చేశాక అతను వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మీ కన్సెంట్ అంకె, ఫిల్టరు దాటిన నీటి ఐదారు రోజుల రిపోర్టులు, కాలమ్ గ్రాఫు బల్ల మీద ఉండాలి. పర్చేజ్ ఆర్డరులో గ్యారంటీని గ్రాముకి ఇన్ని మిల్లీగ్రాములని రాయనివ్వకండి. మా నీళ్లు, ఈ పీహెచ్‌లో, ఈ వేగంతో పంపితే, బయటి నికెల్ ఇంత దాటేలోపు బెడ్‌కి ఇన్ని రెట్ల నీళ్లు వెళ్లాలని రాయించండి. ఇరవైసార్లు కడిగాక అందులో ఎంత శాతం మిగలాలో కూడా. కడిగే యాసిడ్, కాస్టిక్ ఎన్ని లీటర్లో, ఆ కడుగు నీళ్లు ఎంతో అడిగి, ఘనమీటరు నీటికి మొత్తం ఖర్చు మీరే వేసుకోండి. అతని కాగితంలో మీడియా ధర ఒక్కటే ఉంటుంది. చివరగా, అయిపోయిన మీడియా మేమే వెనక్కి తీసుకుంటామంటే, హానికర వ్యర్థాలు తీసుకోవడానికి బోర్డు వాళ్లిచ్చిన ఆథరైజేషన్ కాపీ అడగండి. అది చూపేదాకా ల్యాండ్‌ఫిల్ ఖర్చు కూడా మీ లెక్కలోనే వేయండి.